జరం లేని ఇల్లు

మా దుకాణం వెనక సందులో జైతూన్ బీ ఇల్లు. ఆ ఇంట్లో పొద్దున లేచింది మొదలు కుంపట్లు రాజుకుంటాయి. లక్కను నిప్పుల మీద కరిగించి, రంగు కలిపి పిసికి, గాజుగా చుట్టి, ఆ వేడి ఆరకముందే వేళ్ళతో అద్దపు రాళ్ళు నొక్కడం వాళ్ళ పని. ఆ గాజుల్ని చుడీబజారులో పెట్టి అమ్మడం మా పని. మా అత్తగారి కాలం నుంచీ ఇదే వరస. మధ్యలో ఎన్ని లొల్లులు వచ్చినా, ఎన్ని కర్ఫ్యూలు పెట్టినా, ఆ ఇంటి గాజు మా దుకాణం అరలోకి రావడం ఆగలేదు.

నా పేరు విమలాదేవి. దుకాణం బోర్డు మీద మా ఆయన వైకుంఠం పేరు ఉంటుంది, లోపల నా నోరు ఉంటుంది. పెళ్ళికూతుళ్ళు చీరలు పట్టుకొచ్చి ఈ రంగుకు ఆ రంగే కావాలని కూర్చుంటారు. ఆ చీర చంకన పెట్టుకుని సందులోకి పరుగెత్తేది నేను, గల్లాపెట్టె ముందు ఆవులించేది ఆయన. అందుకే ఆ ఇంట్లో ఏం జరిగినా ముందు నా కళ్ళబడుతుంది. ఇదీ అట్లాగే పడింది. పడకపోయినా బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

రఫియా ఆ ఇంటి చిన్నకోడలు, జైతూన్ బీ చిన్నకొడుకు షాహెద్ భార్య. వాళ్ళ నాన్న సంతోష్‌నగర్‌లో బట్టలు కుడతాడు. పిల్ల ఇంటర్ దాకా చదివింది, మా ఇంట్లో పిల్లల కంటే చక్కటి తెలుగు రాస్తుంది. పెళ్ళైన కొత్తలో జైతూన్ బీ ఆమె చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని, వంకాయలు బేరమాడినట్లు అటు తిప్పి ఇటు తిప్పి పెదవి విరిచింది.

"వెన్నపూస తెచ్చిండు నా కొడుకు. నిప్పుల కాడ కూసోబెడితే కరిగి కారిపోతది," అంది నాతో, కోడలికి వినబడేటట్లే.

"కోడలిని తెచ్చుకున్నవా, కుంపటిని తెచ్చుకున్నవా?" అన్నాను నేను.

జైతూన్ బీ నవ్వింది. చెడ్డది కాదు ఆమె. భర్త పోయాక ఇద్దరు కొడుకుల్ని ఆ నిప్పుల ముందు కూర్చునే పెంచింది. ఆమె వేళ్ళ చివర్లు నున్నగా మెరుస్తుంటాయి, గీతలు ఉండవు. ఉడుకుతున్న టీ గిన్నెను బట్ట లేకుండా దించి, దించాక కూడా దాన్ని పట్టుకునే కబుర్లు చెబుతుంది. ఆ ఇంట్లో అందరివీ అవే చేతులు. రఫియాకు మాత్రం చల్లారిన గాజులకు జిగురుతో పూసలంటించే పని ఇచ్చారు. ఆ ఇంటి లెక్కలో అది పని కాదు, కాలక్షేపం.

కూతురు తహ్రీమ్ పుట్టాక రఫియా చేతికి వేరే విద్య ఉందని తెలిసింది. పిల్లకు ఏడాది దాటిన వానాకాలంలో ఒక పొద్దున, ఆడుకుంటున్న పిల్లను దగ్గరికి లాక్కుని నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"అమ్మీ, పిల్లకు జరం వస్తున్నది."

జైతూన్ బీ కుంపటి దగ్గర నుంచే చెయ్యి చాపి ముట్టుకుంది. "ఏం లేదు. ఫికర్ చెయ్యకు."

షాహెద్ ముట్టుకున్నాడు, ఏం లేదన్నాడు. అప్పుడే ఏదో చీర పట్టుకుని వెళ్ళిన నేను ముట్టుకున్నాను. వేడి ఉంది, కొద్దిగా. కోడలు చెప్పినా సాగలేదు కానీ శావుకారమ్మ చెబితే సాగింది. మలక్‌పేటలో పిల్లల డాక్టరు దగ్గరికి పోయేలోపే జ్వరం ఎక్కి, ఆటోలో పిల్లకు ఫిట్స్ వచ్చాయి. కొద్దిసేపే. డాక్టరు సూది వేసి, షాహెద్‌ను, రఫియాను కూర్చోబెట్టి చెప్పాడు.

"కొందరు పిల్లలకు జ్వరం పెరిగితే ఇట్లా అవుతుంది. ఆరేళ్ళు దాటితే చాలావరకు తగ్గిపోతుంది. అందాకా ఒక్కటే జాగ్రత్త. జ్వరం మొదలైన వెంటనే సిరప్ వేసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడవండి. ఎక్కనివ్వకండి. ఫిట్స్ వచ్చి ఎంతకీ ఆగకపోతే మెదడుకు దెబ్బ తగులుతుంది."

ఆ మాట రఫియా తాయెత్తు కట్టుకున్నట్లు ఒంటికి కట్టుకుంది. షాహెద్ థర్మామీటరు కొన్నాడు, చంకలో పెడితే కీచుమని కూసే రకం. దాన్ని సిరప్ సీసా పక్కన అరలో పెట్టారు. పెట్టారన్నమాటే కానీ దాని అవసరం పడలేదు. రఫియా చెయ్యి థర్మామీటరు కంటే ముందు చెప్పేది. ఆమె జరమని అన్నాక థర్మామీటరు పెడితే అప్పుడది అవునని కూసేది. రెండేళ్ళు అట్లా గడిచాయి. జ్వరాలు వచ్చాయి, ఎక్కకముందే దిగాయి. మళ్ళీ ఫిట్స్ రాలేదు. తల్లి చెయ్యి అంటే ఇదీ అని సందులో ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

ఇంతలో పెద్దకొడుకు జల్‌పల్లిలో చిన్న జాగా కొనుక్కుని వేరుపడ్డాడు. వాడితో పాటు వాడి భార్య కూడా పోయింది. కుంపటి ముందు రెండు జతల చేతులు తగ్గాయి. పెళ్ళిళ్ళ కాలం వస్తుంటే జైతూన్ బీ, షాహెద్ ఇద్దరే మిగిలారు. ఒకరోజు రఫియా జిగురు గిన్నె పక్కన పెట్టి అత్త ముందుకొచ్చి కూర్చుంది.

"అమ్మీ, నాకు గూడ నేర్పుండ్రి."

జైతూన్ బీ కళ్ళు చెమర్చాయి, పొగ అని తుడుచుకుంది. ఆ వారం ఆమె నాతో చెప్పిన మాట నాకింకా చెవుల్లో ఉంది. "ఒక్కసారే నేర్వాలని చూస్తే చెయ్యి కాలుతది, విమలమ్మా. రోజింత నేరిస్తే చెయ్యే మారుతది."

నేర్పడంలో ఆమెదొక పద్ధతి. మొదట కోడలి పీటను కుంపటికి దూరంగా వేసింది. పక్కన నీళ్ళ గిన్నె. దించి కాస్త ఆరిన లక్కను, వేళ్ళు తడుపుకుంటూ పిసకాలి. కొన్నాళ్ళకు పీట జానెడు ముందుకు జరిగింది. ఇంకొన్నాళ్ళకు ఇంకో జానెడు. నీళ్ళ గిన్నె మాత్రం వెనక్కి పోతూ వచ్చింది. రఫియా చెయ్యి చాపినా అందనంత దూరం అది పోయిన రోజున, ఆమె దానికోసం చెయ్యి చాపడమే మానేసిందని గమనించాను.

ఊరికే రాలేదు ఆ విద్య. పొక్కులు లేచి, పగిలి, అన్నం చెంచాతో తినేది. చూడలేక ఒకసారి నేను గ్లౌజులు పట్టుకుపోయాను. జైతూన్ బీ వాటిని గోటితో ఎత్తి చూసింది.

"గివి ఏసుకుని అన్నం కలుపుకుంటవా నువ్వు? రాయి ఎప్పుడు పట్టుకుంటదో లక్క వేలికే చెప్తది. వేలు వినాలె."

"వేలు కాలిపోతే ఏం వింటది?"

"కాలిన వేలు వినదు. మారిన వేలు వింటది," అంది. గ్లౌజులు మళ్ళీ నాతోనే ఇంటికొచ్చాయి.

నిజం చెప్పాలంటే ఆమె మాటే నెగ్గింది. ఏడాది తిరిగేసరికి రఫియా గాజు చేస్తుంటే సందులో పనిచేసేవాళ్ళు వచ్చి చూసేవాళ్ళు. ఉన్నదాన్ని ఉన్నట్లు వదిలే రకం కాదు ఆ పిల్ల. రోజూ ఏదో ఒకటి కొంచెం మార్చేది. కుంపటి కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసింది. అత్త మొదట తిట్టింది, మోకాళ్ళ నొప్పి తగ్గాక తన కుంపటికీ పెట్టించుకుంది. ప్రతి రంగు లక్కలోంచి ఒక గోళీ చేసి దారానికి గుచ్చి మాకిచ్చింది. దాంతో చీరలు చంకన పెట్టుకుని పరుగెత్తే పని నాకు తప్పింది. దారం చీర మీద పెట్టి రంగు చూసుకుంటే చాలు. రాళ్ళు వరసగా కాకుండా మల్లెపూల చెండు అల్లినట్లు పొదగడం ఆమె కనిపెట్టిందే. మా దుకాణంలో రఫియా గాజులని పేరుపెట్టి అడిగేవాళ్ళు. నేను సంబరపడ్డాను, ఎందుకు పడను?

సంబరంలోనే నాకు మింగుడుపడనివి కొన్ని కళ్ళబడేవి.

ఒకరోజు రఫియా నాకు టీ గ్లాసు అందించింది. తను మామూలుగా పట్టుకుని తెచ్చింది కదా అని నేనూ పట్టుకున్నాను. వేళ్ళు చుర్రుమని గ్లాసు జారి పగిలింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. రఫియా కూడా నవ్వింది. అత్తలా నవ్వుతున్నదే అనుకున్నాను.

రేషన్ దుకాణంలో మిషన్ ఆమె వేలిముద్ర పట్టడం మానేసింది. ఆ ఇంట్లో అది మెట్టెలు పెట్టుకున్నంత మామూలు సంగతి. "ఇగ మా ఇంటి మనిషివైనవు," అని జైతూన్ బీ కోడలికి మెటికలు విరిచింది.

ఇంకోసారి వెళ్ళేసరికి పెరట్లో తహ్రీమ్ ఏడుస్తోంది. రఫియా స్నానం పోస్తోంది. పిల్ల వీపు ఎర్రగా కందింది. "గరం, గరం," అని తప్పించుకోబోతుంటే తల్లి రెక్క పట్టుకుని కూర్చోబెడుతోంది.

"గోరువెచ్చగనే ఉన్నయమ్మా. స్నానమంటే దీనికి బద్ధకం," అంది నాతో.

నేను బకెట్లో చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను. రెండు చెంబుల చన్నీళ్ళు కలిపాను. రఫియా మళ్ళీ చెయ్యి పెట్టి చూసింది. తేడా తెలిసినట్లు లేదు. బకెట్ వైపు, తన చేతివైపు చూసుకుని చెంబు అందుకుంది.

ఆ రోజే అడిగాను, థర్మామీటరు ఏదని. అరలోనే ఉంది. సెల్లు అయిపోయి ఎన్నాళ్ళయిందో, నొక్కితే పలకలేదు. "చేతులున్నయి కద ఇంటినిండ," అంది జైతూన్ బీ. షాహెద్‌తో చెప్పాను, సెల్లు వేయించు నాయనా అని. "వేయిస్త అమ్మా," అన్నాడు. పెళ్ళిళ్ళ కాలం, తర్వాత రంజాన్. ఆ అబ్బాయికి కుంపటి ముందు నుంచి లేచి నీళ్ళు తాగే తీరిక లేదు.

ఇంకో సంగతి ఉంది, అది నాకు తర్వాత తట్టింది. ఆ చలికాలమంతా ఆ ఇంట్లో పిల్లకు జ్వరమే రాలేదు. వీధిలో పిల్లలందరూ దగ్గుతూ మూలుగుతూ ఉంటే, మా తహ్రీమ్‌కు ఏం లేదు మాషా అల్లా అని రఫియా చెప్పేది. పిల్ల ఒక్కోరోజు సొమ్మసిల్లినట్లు పడుకునేది, మర్నాటికి లేచేది. ముట్టుకుని చూస్తే జ్వరం లేదు. ఎవరు చూసినా లేదు.

రంజాన్ చివరి వారం. చుడీబజారులో ఇసకేస్తే రాలనంత జనం. మధ్యాహ్నం ఆకుపచ్చ గాజులు అయిపోతే నేనే సందులోకి పోయాను. మూడు కుంపట్లు మండుతున్నాయి, ముగ్గురూ ఉపవాసం మీద తలెత్తకుండా పనిచేస్తున్నారు. గోడవార బొంత మీద తహ్రీమ్ పడుకుని ఉంది. మామూలుగా నన్ను చూస్తే పరుగెత్తుకొచ్చే పిల్ల కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. పెదవులు ఎండి ఉన్నాయి.

"ఏమైంది పిల్లకు?"

"ఏం కాలే. పొద్దుగాల నుంచి గట్లనే పండుకున్నది," అంది జైతూన్ బీ.

"జరమేమోనని చూస్తనే ఉన్నమ్మా," అంది రఫియా. ఎర్రటి లక్కను వదిలి, ఆ చేతినే తీసుకెళ్ళి పిల్ల నుదుటి మీద పెట్టింది. ఎప్పటిలాగే కళ్ళు మూసుకుంది. ఒకప్పుడు ఆ కళ్ళు మూసుకోవడం చూస్తే నాకు ధైర్యంగా ఉండేది. "లేదు. చల్లగ ఉన్నది."

షాహెద్ కూడా నిప్పుల మీది నుంచి చెయ్యి తీసి పిల్ల బుగ్గ మీద పెట్టాడు. "కుండల నీళ్ళ లెక్క ఉన్నది."

నేను బొంత మీద కూర్చుని పిల్ల తల ఒళ్ళో పెట్టుకున్నాను. చెయ్యి పెట్టనేలేదు. చీర మీది నుంచే తొడకు వేడి తగిలింది.

"షాహెద్, పిల్ల కాలిపోతున్నది. లే, దవాఖానకు నడువు."

ముగ్గురూ నన్ను చూశారు. నమ్మకపోవడం కాదు అది, నేను అనే మాట వాళ్ళకు అర్థమే కాలేదు. రఫియా వచ్చి రెండు చేతులూ పిల్ల మీద పెట్టింది. నుదురు చూసింది, మెడ చూసింది, కడుపు చూసింది. "లేదమ్మా. ఇగో, చల్లగనే ఉన్నది," అని నా ముఖం చూసింది. నా ముఖంలో ఏం కనబడిందో, వంగి తన చెంపను పిల్ల చెంపకు ఆనించింది. అప్పుడు అరిచిన అరుపు ఎవరూ వినకూడదు. సరిగ్గా అప్పుడే పిల్ల కళ్ళు పైకి తేలి, ఒళ్ళు బిగుసుకుంది.

ఆ వీధుల్లో ఆ వారం సైకిల్ కూడా కదలదు. షాహెద్ పిల్లను భుజాన వేసుకుని జనంలో పడి పరుగెత్తాడు. రఫియా చెప్పుల్లేకుండా వెనక పరుగెత్తింది. నేను నోటికొచ్చిన తిట్లు తిడుతూ దారి చేయించాను. ఆటో దొరికేసరికి, అది మలక్‌పేట చేరేసరికి, పిల్ల కొట్టుకుంటూనే ఉంది. ఆగలేదు.

లోపల సూదులు వేసి ఆపాక డాక్టరు బయటికొచ్చాడు. కోపంగా ఉన్నాడు. "ఈ జ్వరం ఇవాళ్టిది కాదు. ఒక్కరు కూడా ఒళ్ళు ముట్టుకుని చూడలేదా?"

"చూసినం సార్," అంది రఫియా. "అందరం చూసినం."

డాక్టరు ఏదో అనబోయి ఆమె చేతులు చూసి ఆగాడు. వేళ్ళ చివర్లు పట్టుకుని గోటితో గీరాడు. "ఏం పని చేస్తావమ్మా?" అనడిగాడు. చెప్పింది. నిప్పు దగ్గర నుంచి వచ్చిన చేతికి జ్వరం చల్లగానే తగులుతుందని, అందులోనూ గట్టిపడ్డ ఈ చర్మానికి అసలే తెలియదని, చిన్నగొంతుతో వివరించాడు. జైతూన్ బీ మూలన బెంచీ మీద కూర్చుని తన అరచేతులు తను చూసుకుంటోంది. నాకు ఆమె మీద కోపం పొంగింది. తిడదామని దగ్గరికి కూడా పోయాను. ఆమె తలెత్తి, "చల్లగనే ఉండె విమలమ్మా, అల్లా మీద ఒట్టు," అంది. పక్కన కూర్చున్నాను.

పిల్ల బతికింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు షాహెద్ రెండు థర్మామీటర్లు కొన్నాడు. ఒకటి గోడకు వేలాడదీశారు, ఒకటి రఫియా కొంగున. పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి పెట్టి చూడందే ఆమె పచ్చినీళ్ళు ముట్టదు. కొన్నాళ్ళు కుంపటి దగ్గరికి రాలేదు. తర్వాత వచ్చింది. ఇల్లు గడవాలి, ఆమె చేసే గాజు ఇంకొకరికి రాదు. నేను గాజుల కోసం పోయి, గాజుల మాట ఎత్తలేక ఊరికే కూర్చుని వచ్చేదాన్ని.

ఆసుపత్రిలో జోయెల్ అని ఒక కుర్రాడు వ్యాయామాలు చేయించేవాడు. ఓపికమంతుడు. ఒక్కరోజులో ఏమీ జరగదని, రోజుకు కొంచెం కొంచెంగా చెయ్యి తిరిగి నేర్చుకుంటుందని చెప్పాడు. గోరువెచ్చటి నీళ్ళతో కాపడం పెట్టి, మెత్తటి పిండి ముద్ద ఇచ్చి పిసికించమన్నాడు. వేళ్ళు కదిలాయా, చెయ్యి లేచిందా అని అందరం ఆ కదలిక సంగతే అడిగాం. స్పర్శ సంగతి అడగాలని మాకెవరికీ తట్టలేదు.

రఫియా రోజూ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పిండి పిసికించేది. మొదట వేళ్ళు ముడుచుకునే ఉండేవి. తర్వాత బొటనవేలు కదిలింది. ఆ రోజు షాహెద్ సందంతా ఖుబానీ మీఠా పంచాడు. తర్వాత చూపుడువేలు. కాలు ఈడుస్తూనే గోడ పట్టుకుని నడిచింది. నేను కూడా పోయి, "శాబాష్ రాణీ," అని చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి దేవుడి ముందు ఏడ్చాను. మంచి రోజులు వస్తున్నాయని నిజంగా నమ్మాను.

మా చెల్లెలింట్లో పెళ్ళని కరీంనగర్ పోయి, ఒంట్లో బాగాలేక అక్కడే ఆగిపోయి, చాలారోజులకు తిరిగొచ్చాను. వచ్చిన మర్నాడే సందులోకి పోయాను. జైతూన్ బీ నన్ను గుమ్మంలోనే పట్టుకుంది. ఆమె ముఖం అంత వెలగడం ఆ రంజాన్ తర్వాత చూడడం అదే.

"రా రా, విమలమ్మా. నా మనుమరాలిని చూడు."

కుంపటికి ఇవతల చిన్న పీట మీద తహ్రీమ్ కూర్చుని ఉంది. కుడిచేతిలో ఎర్రటి లక్క ముద్ద. ఐదు వేళ్ళూ కదులుతున్నాయి. ముద్దను పిసికి, సాగదీసి, మళ్ళీ ముద్ద చేస్తోంది.

"పిండి కన్న లక్క మంచిది. చల్లారితే గట్టిపడతది, వేళ్ళకు బలమొస్తది," అంది జైతూన్ బీ. "వెచ్చగ ఉంటే నరాలు లేస్తయని గా పిలగాడే చెప్పె. మొదలు చల్లారినంక ఇచ్చినం. జెర జెర వేడి పెంచినం. ఒక్కనాడు గూడ ఏడ్వలే. నాకు యేండ్లు పట్టింది గిట్ల కూసోనీకి."

"పెద్దమ్మా, చూడు," అని తహ్రీమ్ ముద్ద నాకు అందించింది.

తీసుకున్నాను. అరచెయ్యి భగ్గుమంది. ముద్ద కిందపడింది, నా నోట్లోంచి అరుపు వచ్చింది. అత్తా కోడళ్ళు అలవాటుగా నవ్వారు. పిల్ల వంగి, కిందపడిన ముద్దను తీసుకుని మళ్ళీ పిసకడం మొదలుపెట్టింది.

నేను పిల్ల ముందు కూలబడి ఆ చెయ్యి లాక్కుని విప్పాను. అరచేతిలో చర్మం తెల్లగా ఉడికి ఉంది. చూపుడువేలి చివర పొక్కు పగిలి పచ్చిగా ఉంది, దాని మీద లక్క అంటుకుని ఆరింది.

"నొస్తలేదా బిడ్డా?"

"నొస్తలేదు," అంది పిల్ల, శాబాష్ కోసం నా ముఖం చూస్తూ.

రఫియాను రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయాను. పిచ్చికోపం వచ్చింది నాకు. "కండ్లు లేవా నీకు? చెయ్యి కాలి ఊడొస్తున్నది దానికి."

"గోరువెచ్చగనే ఉన్నదమ్మా," అంది రఫియా. "నేనే చూసి ఇస్తున్న. ప్రతిసారి నేనే ముట్టి చూసి ఇస్తున్న. పొక్కు అంటే పిండి పిసికిన కాడ వచ్చిందనుకున్న..."

అంటూనే ఆగింది. ఏం అన్నదో ఆమెకే అర్థమైంది. గబగబా గోలెం దగ్గర పొయ్యి మీద కాగుతున్న నీళ్ళ గిన్నెలో చెయ్యి పెట్టి నన్ను చూసింది.

"ఇవి కాలుతున్నయా?"

నీళ్ళ మీద ఆవిరి లేస్తోంది. "కాలుతున్నయి," అన్నాను.

పొయ్యి పక్కన పిల్లకోసం తీసిపెట్టిన పాలగ్లాసు తెచ్చి నా చేతికి ఆనించింది. "ఇవి?"

"కాలుతున్నయి."

"పొద్దున గిట్లనే తాపిన," అంది. గ్లాసు గట్టు మీద పెట్టి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని తన నుదుటికి, చెంపలకు ఆనించుకుంది. ఆ వేళ్ళు నున్నగా, గట్టిగా ఉన్నాయి. "జరానికి మిషన్ ఉన్నది విమలమ్మా. అన్నిటికి ఎక్కడ తెచ్చేది? మీరు పోయినంక నాకెవరు చెప్తరు?"

నాకు భయం వేసింది. నిప్పు అంటే కాదు, ఇంతమంది ప్రేమగా కనిపెట్టుకుని ఉన్న ఆ పిల్లను చూసి భయం వేసింది.

అప్పుడే లోపలి నుంచి జైతూన్ బీ పిలిచింది. ఆమెకు మా మాటలేవీ వినబడలేదు. గొంతు నిండా సంతోషం.

"ఇటు రాండ్రి. ఎవ్వరు ఇయ్యలే, తనంతల తనే కుంపట్ల నుంచి లక్క తీసుకుంటున్నది. కుడిచేత్తోనే."